ఎఫ్‌డీ తీసే ముందు పుండు మీద బరువు తీయండి

ప్రశ్న: మాది కావలి. కట్టడం పనిలో పైనుంచి పడి మా ఆయన వెన్ను దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. వీల్‌చైరే ఆధారం. పిరుదు మీద బెడ్‌సోర్ ఎనిమిది నెలలుగా మానట్లేదు. చెన్నైలో ఆక్సిజన్ చాంబర్‌లో 40 సిట్టింగులు ఇప్పించమంటున్నారు, ఒక్కోటి 3,000. ఎఫ్‌డీలో 2,50,000 ఉంది. నేను బట్టలు కుడతాను, ఆయనకు పెన్షన్ 6,000. ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: ఇప్పుడే తీయొద్దమ్మా. ఎనిమిది నెలలుగా రోజూ కట్టు మార్చే మీ బాధ నాకు అర్థమవుతోంది, అందుకే సూటిగా చెబుతున్నాను.

సిట్టింగులకే 1,20,000. వారానికి ఐదు చొప్పున ఎనిమిది వారాలు. గది, తిండి, ఆటోలకు రోజుకు వెయ్యి వేసుకున్నా ఇంకో 56,000. ఆ రెండు నెలలూ మీ మిషన్ ఆగిపోతుంది. ఎఫ్‌డీలో మిగిలేది కొంచెమే.

ఆ చాంబర్‌లో గాలి ఒత్తిడిని రెండు, రెండున్నర రెట్లు పెంచి, గంటన్నర సేపు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తారు. కొన్ని రకాల షుగర్ పుండ్లకు, రేడియేషన్ గాయాలకు దాన్ని వాడతారు. వెన్ను దెబ్బతిన్నవాళ్ల బెడ్‌సోర్లకు పని చేస్తుందనే ఆధారం మాత్రం బలహీనం. ఈ పుండుకు మూలం బరువు. నొక్కుకుపోయిన చోట రక్తం ఆడదు. చాంబర్ నుంచి వచ్చి మళ్లీ అదే పిరుదు మీద కూర్చుంటే కట్టిన డబ్బంతా వృథా.

ముందు ఖర్చు పెట్టాల్సింది గాలి పరుపు, వీల్‌చైర్‌కు మంచి కుషన్, రోజూ గుడ్లు, పప్పు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పుండు మానేదాకా కూర్చోవడం బాగా తగ్గించాలి. ఒక ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించి, ఎముకకు చీము పట్టిందా, ఆపరేషన్‌తో పూడ్చవచ్చా అని అడగండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందేమో ఆస్పత్రిలోని ఆ పథకం డెస్క్‌లో కనుక్కోండి. ఆ సర్జన్ కూడా చాంబర్ కావాలంటే, పది సిట్టింగులకే డబ్బు కట్టి పుండు కొలత తీయించండి. తగ్గకపోతే ఆపేయండి. అప్పుడైనా ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీద లోన్ తీసుకోండి. బంగారం మాత్రం తాకట్టు పెట్టొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రమాదం వల్ల మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసాలో పెన్షన్ 15,000 ఉంది. అది మంజూరైతే నెలకు 9,000 అదనం, ఏడాదికి 1,08,000. నా మనసంతా దీని మీదే ఉంది. వార్డు సచివాలయంలో అడగండి. వెళ్లేటప్పుడు సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఆధార్, ఆస్పత్రి కాగితాల జిరాక్సులు రెండేసి తీసుకెళ్లండి.