పాత ల్యాప్‌టాప్‌కి ఏ విండో మేనేజర్ పెట్టుకోవాలి?

ప్రశ్న: నాది 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్. డెబియన్ లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడుతున్నాను, ఆన్ చేసి టీ తాగి రావచ్చు, అంత స్లో. ఫ్రెండ్ ఐ3 పెట్టుకోమంటాడు, వీడియోల్లో ఒకరు ఓపెన్‌బాక్స్ అంటారు, ఇంకొకరు హైపర్‌ల్యాండ్ అంటారు. తెలుగు టైపింగ్ పని కూడా ఎక్కువే ఉంటుంది. ఒక్క పేరు చెప్పండి సార్, చాలు.
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: ఒక్క పేరే కావాలంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ. అది విండో మేనేజర్ కాదు, పూర్తి డెస్క్‌టాప్ కదా అంటారా? నిజమే, కావాలనే చెప్పాను. విండో మేనేజర్ చేసేది చిన్న పని: కిటికీలకు అంచులు గీయడం, జరపడం, ఏది పైన ఉండాలో, మీరు కొట్టిన అక్షరం ఏ కిటికీకి వెళ్లాలో చూసుకోవడం. మీ గ్నోమ్‌లో ఆ పనికి మటర్ ఉంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎమ్4 ఉంది. ఐ3, ఓపెన్‌బాక్స్ లాంటివి తేలిగ్గా ఉండేది అందులో ఏదో మాయ ఉండి కాదు, దాని చుట్టూ ఉండే సరంజామా అంతా తీసేస్తారు కాబట్టి. వైఫై గుర్తు, సౌండ్ పెంచే మీటలు, మూత వేస్తే లాక్ పడటం, పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకోవడం, బ్యాటరీ అయిపోతోందని హెచ్చరిక, ఇవన్నీ మీరే ఒక్కొక్కటిగా ఏరి తెచ్చుకోవాలి. ఓపెన్‌బాక్స్‌లోకి మొదటిసారి లాగిన్ అయితే ఖాళీ తెర కనిపిస్తుంది, రైట్ క్లిక్ చేస్తే మెనూ వస్తుంది, అంతే. కింద ప్యానెల్ కావాలంటే టింట్2 లాంటిది పెట్టుకుని, ఆటోస్టార్ట్ ఫైల్లో దాని పేరు రాసుకోవాలి. ఇలా అతుకుతూ పోవడంలో సరదా ఉందనుకుంటే చేయండి, ర్యామ్ మిగులుతుందనే ఆశ ఒక్కటే అయితే మాత్రం వద్దు.

ఎందుకంటే గ్నోమ్ నుంచి బయటికొస్తే కొన్ని వందల ఎంబీలు మిగులుతాయి, ఒప్పుకుంటాను, కానీ బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే అది అక్కడే హరించుకుపోతుంది. సిస్టమ్ మానిటర్ తెరిచి ర్యామ్ ఎవరు తింటున్నారో ఒకసారి చూడండి. టీ తాగి వచ్చేంత ఆలస్యానికి అసలు కారణం చాలావరకు ఆ హార్డ్ డిస్క్, దాని బదులు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేయిస్తే వచ్చే తేడా ఏ విండో మేనేజరూ తేలేదు.

ఇక తెలుగు. దీని గురించి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు! గ్నోమ్‌లో ఐబస్ (తెలుగు లాంటి భాషల్లో టైప్ చేయించే ప్రోగ్రామ్) దానంతట అదే మొదలవుతుంది కాబట్టి మీకు ఇన్నాళ్లూ ఇబ్బంది తెలియలేదు. ఐ3లోకో ఓపెన్‌బాక్స్‌లోకో వెళ్తే ఐబస్‌ని లేపేవాళ్లు ఉండరు, తెలుగు టైపింగ్ పోయిందని టెన్షన్ పడతారు. డెబియన్‌లో ఐబస్, ఐబస్-ఎమ్17ఎన్ ప్యాకేజీలు ఉన్నాయో లేవో చూసుకుని, ఐఎమ్-కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ నడిపి అందులో ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగవుట్ అయి రండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అయినా ఆర్‌టీఎస్ అయినా అందులో దొరుకుతాయి. ఐ3లో ఇంకో తిరకాసు ఉంది: భాష మార్చడానికి ఐబస్ వాడేది విండోస్ మీట, స్పేస్ కలిపి. మొదట్లో ఐ3 మిమ్మల్ని ముఖ్యమైన మీట ఏదని అడిగినప్పుడు విండోస్ మీటే అని చెబితే, అవే రెండు మీటల్ని అది తన పనికి పెట్టుకుంటుంది. రెండింట్లో ఒకదాన్ని మార్చుకోక తప్పదు.

ఇంత చెప్పినా ఐ3 చూడాలని ఉంటే చూడండి, ఉన్నది తీసేయక్కర్లేదు. గ్నోమ్ పక్కనే ఇన్‌స్టాల్ చేసుకుంటే, లాగిన్ తెర మీద మీ పేరు నొక్కాక కింద మూల పళ్లచక్రం గుర్తు వస్తుంది, అందులో ఏ రోజుకి ఏది కావాలో ఎంచుకోవచ్చు. రికార్డులు సబ్మిట్ చేసే వారంలో మాత్రం ఈ ప్రయోగాలు వద్దు.

ప్రశ్న: ఐ3 అలవాటైపోయింది. అందరూ వేలాండ్ అంటున్నారు. మారాలా? మారితే హైపర్‌ల్యాండ్‌కేనా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఇప్పటికిప్పుడు ఇబ్బంది ఏమీ లేకపోతే తొందర లేదు, కానీ గాలి అటే వీస్తోంది. తెర మీద కిటికీలు చూపించే పాత పద్ధతి ఎక్స్11, దాని స్థానంలో వస్తున్న కొత్తది వేలాండ్. ఐ3 ఎక్స్11 కోసం రాసింది, అది వేలాండ్ మీద నడవదు. వేలాండ్‌లో మీకు దగ్గరి చుట్టం స్వే అనే విండో మేనేజర్. మీ ఐ3 కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ చాలావరకు అలాగే పనికొస్తుంది, వేళ్లకి కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుకి ఆ కంపెనీ సొంత డ్రైవర్ వాడుతుంటే మాత్రం ఆగండి, స్వే రాసినవాళ్లు దానికి అధికారికంగా సపోర్ట్ ఇవ్వరు. హైపర్‌ల్యాండ్ చూడ్డానికి బాగుంటుంది, యానిమేషన్లు బాగుంటాయి, కానీ అది చాలా వేగంగా మారుతుంటుంది, అప్‌డేట్ తర్వాత కాన్ఫిగ్ సరిచేసుకునే ఓపిక ఉండాలి. ఆఫీసు పని చేసే మెషీన్‌లో నేనైతే పెట్టను. ఓపెన్‌బాక్స్ అలవాటున్నవాళ్లకి కూడా దారి ఉంది: ఓపెన్‌బాక్స్ కొత్త వెర్షన్ 2015 తర్వాత రాలేదు గానీ, అదే పద్ధతిలో వేలాండ్ కోసం ల్యాబ్‌డబ్ల్యూసీ వచ్చింది. 2024 అక్టోబరు నుంచి రాస్ప్‌బెరీ పై వాళ్ల ఓఎస్‌లో డీఫాల్ట్‌గా ఇస్తున్నది దాన్నే.

ప్రశ్న: డీడబ్ల్యూఎమ్ అనే విండో మేనేజర్ వాడుతున్నాను, చాలా బాగుంది. కానీ పైన పట్టీలో తెలుగు పేజీల పేర్లు విరిగిపోయి కనిపిస్తున్నాయి. ‘రాష్ట్రం’లో వత్తులు విడివిడిగా పడుతున్నాయి. ఫాంట్లు ఎన్ని మార్చినా అంతే.
– కాకినాడ పాఠకుడు

జవాబు: తప్పు ఫాంట్‌ది కాదు. తెలుగు అక్షరాలు వరసగా పేరిస్తే సరిపోదు, వత్తు ఎక్కడ చేరాలో, గుణింతం ఎలా కలవాలో లెక్కగట్టి గీయాలి. డీడబ్ల్యూఎమ్ అక్షరాలు గీయడానికి వాడే ఎక్స్‌ఎఫ్‌టీకి ఆ లెక్క రాదు. అదే పేరు ఫైర్‌ఫాక్స్ ట్యాబ్‌లో చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పని బ్రౌజర్ సొంతంగా చేసుకుంటుంది. డీడబ్ల్యూఎమ్‌కి, ఆ లెక్క తెలిసిన పాంగో అనే లైబ్రరీని కలిపే ప్యాచ్ దొరుకుతుంది, కానీ మీ వెర్షన్‌కి సరిగ్గా కూర్చోకపోతే సీ కోడ్‌లో చేతులు పెట్టాలి. ఎలాగూ సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ కంపైల్ చేసుకునే మనిషే కాబట్టి మీకు అదేం లెక్క కాకపోవచ్చు. ఆ గొడవ వద్దనుకుంటే ఐ3, ఓపెన్‌బాక్స్ రెండూ పాంగో వాడతాయి, తెలుగు విరగదు. ఐ3లో అయితే కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, ఫాంట్ పేరుకి ముందు పాంగో అనే మాట, కోలన్ ఉన్నాయో లేవో చూసుకోండి. అవి లేకపోతే అది పాతకాలపు ఎక్స్ ఫాంట్లకి వెళ్లిపోతుంది, మళ్లీ ఇదే ప్రశ్న రాయాల్సి వస్తుంది.