యాప్‌లు ఇన్ని ఉండగా బ్రౌజర్ ఆటలెందుకు? గాజువాక నెట్ సెంటర్ నుంచి ఒక జవాబు

"ఫోన్ నిండా గేమ్ యాప్‌లున్న రోజుల్లో కూడా జనం బ్రౌజర్‌లో ఆడే ఆటల వైపు ఎందుకు మళ్లుతున్నారు?" అని అడిగారు. నేను వైజాగ్ గాజువాకలో 2007 నుంచి నెట్ సెంటర్ నడుపుతున్నాను. పేరుకే నెట్ సెంటర్. ఇప్పుడు నడిచేదంతా జిరాక్సులు, పరీక్షల అప్లికేషన్లు, హాల్ టికెట్ ప్రింట్లే. అయినా ఈ ఆటలు పోవడమూ చూశాను, తిరిగి రావడమూ చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

మొదట్లో వేసవి సెలవులొస్తే నా ఏడు సిస్టమ్‌లూ గుంటలతోనే, అంటే పిల్లలతోనే, నిండిపోయేవి. గంటకు పదిహేను రూపాయలు. ఒక్కో కుర్చీలో ఇద్దరు, బాణం బటన్లు ఒకడివి, స్పేస్ బార్ ఇంకొకడిది. మినీక్లిప్ లాంటి సైట్లు, అన్నీ ఫ్లాష్ ఆటలే, అంటే బ్రౌజర్‌కి ఫ్లాష్ అనే ప్లగిన్ తగిలిస్తేనే నడిచేవి. "లోడింగ్ అయ్యేదాకా టైం వెయ్యకు బాబాయ్" అని నాతో బేరాలు. తర్వాత చేతికి స్మార్ట్‌ఫోన్లొచ్చాయి, 2016లో జియో వచ్చింది, కుర్చీలు ఖాళీ అయ్యాయి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌నే ఆపేసింది. ఇక బ్రౌజర్ ఆటల కథ అయిపోయిందనుకున్నాను.

మధ్యలో ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను కొట్టాక కరెంటు వచ్చినా మా వీధికి కేబుల్ నెట్ మాత్రం చాలా రోజులు రాలేదు. క్రోమ్ తెరిస్తే నెట్ లేదన్న మాట, పైన చిన్న డైనోసార్ బొమ్మ. మా మేనల్లుడు ఊరికే స్పేస్ నొక్కాడు. "మావయ్యా, ఇది పరిగెడుతోంది!" గూగుల్ వాళ్లు ఆ ఆట పెట్టింది ఆ ఏడాదే. నెట్ లేని నెట్ సెంటర్‌కి గిరాకీ తెచ్చిన ఆట అదొక్కటే.

ఇక అసలు జవాబు. నా లెక్కలో పెద్ద కారణం ఆటల గొప్పతనం కాదు, ఫోన్‌లో చోటు లేకపోవడం. ప్రింట్ కోసం ఫోన్ చేతికిస్తారు కదా, తెరవగానే స్టోరేజ్ నిండిందన్న నోటీసు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్లి వీడియోలు, ఆఫీసు యాప్, బ్యాంకు యాప్, పిల్లల స్కూల్ యాప్. అందులో ఐదు నిమిషాల సరదా కోసం ఇంకో యాప్ దించమంటే ఎవరికి ఓపిక? దించాక అది కాంటాక్ట్స్ అడుగుతుంది, రోజూ "మీ కోసం ఎదురుచూస్తున్నాం" అని నోటిఫికేషన్ కొడుతుంది. బ్రౌజర్ ఆటకి ఆ బాధ లేదు. ట్యాబ్ మూస్తే అయిపోయింది.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన పెన్షన్ కాగితాల ప్రింట్లకి వస్తుంటారు. బెంగళూరులో ఉన్న మనవడు లీచెస్ సైట్ నుంచి లింకు పంపితే చాలు, నొక్కి నేరుగా చెస్ ఆటలోకి వెళ్లిపోతారు. అకౌంటు అక్కర్లేదు, యాడ్లు లేవు. ఆ సైట్‌కి యాప్ కూడా ఉంది, వేసిస్తానన్నాను. "వద్దు బాబూ, అది వేస్తే ఏదో ఒకటి తీసేయాలి. లింకే బాగుంది" అన్నారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కో ఎత్తుకి నాలుగు నిమిషాలు. వెనకాల జిరాక్స్ క్యూ పెరుగుతున్నా నేనేం అనను.

రెండోది, ఇప్పటి బ్రౌజర్ పాత బ్రౌజర్ కాదు. ఫ్లాష్ లాంటి ప్లగిన్ విడిగా వేసుకోనక్కర్లేదు. వెబ్ పేజీలు రాసే కొత్త పద్ధతి హెచ్‌టీఎంఎల్5, బొమ్మలు గీసే వెబ్‌జీఎల్ వచ్చాక గ్రాఫిక్స్ చిప్‌ని బ్రౌజరే వాడుకుంటోంది. ప్రోగ్రాముల్ని బ్రౌజర్‌లో వేగంగా నడిపే వెబ్ అసెంబ్లీ 2019లో ప్రామాణికమయ్యాక బరువైన ఆటలూ బాగానే నడుస్తున్నాయి. తయారుచేసే వాళ్లకీ లాభమే. యాప్ స్టోర్ల అనుమతి కోసం ఆగక్కర్లేదు, అమ్మకాల్లో వాటా వాళ్లకి కట్టక్కర్లేదు. పదం కనిపెట్టే ఆట వర్డిల్‌నే చూడండి. జోష్ వార్డిల్ 2021 అక్టోబరులో దాన్ని అందరికీ తెరిచిపెట్టింది ఒక మామూలు వెబ్ పేజీలో, రోజుకొక్క పదం. నాలుగు నెలలు తిరక్కుండానే న్యూయార్క్ టైమ్స్ కొనేసింది.

కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో నా దగ్గరికొస్తే ఇదంతా కనిపిస్తుంది. ఒక ట్యాబ్‌లో సైట్ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, పక్క ట్యాబ్‌లో 2048. ఒకే అంకె ఉన్న పలకల్ని కలుపుకుంటూ 2048 దాకా వెళ్లే ఆట, ఇటలీ కుర్రాడు పందొమ్మిదేళ్ల వయసులో రాసింది, పదేళ్లు దాటినా గుంటలు వదల్లేదు. తండ్రి టెన్షన్‌తో గోళ్లు కొరుకుతుంటాడు, కొడుకు 512 కలుపుతుంటాడు.

అలాగని యాప్‌ల పని అయిపోయిందనుకోకండి. బీజీఎంఐ (పబ్జీకి ఇండియా రూపం) ఆడే కుర్రాళ్లు మా షాపు మెట్ల మీద ఫోన్లతోనే కూర్చుంటారు, వాళ్లు బ్రౌజర్ వైపు కన్నెత్తి కూడా చూడరు. బ్రౌజర్ ఆటల్లో చెత్తా తక్కువేం కాదు. కొన్ని సైట్లలో ఆట కంటే పెద్దగా "డౌన్‌లోడ్" బటన్ ఉంటుంది, అది యాడ్. దాన్ని మాత్రం నొక్కకండి.

ఇంకో తంటా సేవ్ చేసుకోవడం. అకౌంటు లేకుండా ఆడితే మీరు ఎక్కడిదాకా వచ్చారన్నది ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. డేటా క్లియర్ చేస్తే గోవిందా. ఐఫోన్‌లో అయితే ఏడు రోజులు సఫారీ వాడుతూ ఆ సైట్ వైపు వెళ్లకపోయినా చెరిగిపోవచ్చు. మా సిస్టమ్‌లలో రాత్రి షాపు మూసేముందు అన్నీ తుడిచేస్తాను, కస్టమర్ల పాస్‌వర్డులు మిగిలిపోకూడదని. ఒక ఇంటర్ అమ్మాయి నాలుగో సిస్టమ్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, అప్లికేషన్ల మధ్య ఖాళీల్లో, ఏదో పొలం ఆట ఆడి బోలెడు పంట పండించింది. మర్నాడు వచ్చి చూస్తే పొలమే లేదు. "ఏటి అన్నయ్యా ఇది?" అని, వారం రోజులు ఎదురింటి షాపులో జిరాక్స్ తీయించుకుంది.

ఇప్పుడు ఆ మానిటర్ మీద చీటీ అంటించాను: "రాత్రి ఆపేస్తే ఆట పోతుంది. మర్నాడు నన్ను అడగొద్దు."