ఇంటెలా, ఏఎండీనా? ముందు నంబరు చివరి అక్షరం చూడండి

మీరడిగింది ఇదీ: పాలకొల్లులో ఇల్లు, చెల్లి సీఎస్‌ఈ రెండో ఏడు, నాన్నగారికి చేపల చెరువుల లెక్కలు, మీకు అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్. అందరికీ కలిపి ఇంట్లో ఒక సిస్టమ్ కట్టించాలి. దానికి మెదడులాంటి ప్రొసెసర్ ఏ కంపెనీది వెయ్యాలంటే షాపాయన ఇంటెల్ అంటున్నాడు, ఫ్రెండ్స్ ఏఎండీ అంటున్నారు.

మాది వశిష్ఠకి ఇవతలి ఒడ్డు, రాజోలు. ఇంట్లో 2019 నుంచి ఏఎండీ వాడుతున్నాను. అమలాపురంలో మా బావగారి ఫొటో స్టూడియోకి ఇంటెల్ సిస్టమ్ నేనే బిగించాను. రెండిటి మంచీ చెడ్డా చేతితో చూశాను కాబట్టి చెప్తున్నానండి.

2019లో నేను కొన్నది ఏఎండీ రైజెన్ 5 2600 ప్రొసెసర్, బి450 అనే మదర్‌బోర్డు మీద. నాకు తెలియని సంగతల్లా, ఆ ప్రొసెసర్‌లో డిస్‌ప్లే ఇచ్చే భాగమే లేదని. షాపులో ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు వేసి ఇచ్చారు, రెండేళ్లు బాగానే నడిచింది. 2021లో తమ్ముడికి ఆన్‌లైన్ క్లాసులు జరుగుతుండగా ఒక సాయంత్రం ఆ కార్డు పోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కీబోర్డు లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ప్రొసెసర్ బాగుంది, బోర్డు బాగుంది, వాడి రికార్డులూ ప్రాజెక్టూ అన్నీ డిస్కులోనే ఉన్నాయి, చూసే దారి లేదు. ఆ ఏడాది క్రిప్టో మైనింగ్ వాళ్లు కార్డులన్నీ ఊడ్చేసుకున్నారు, మామూలు కార్డు కూడా రెట్టింపు ధర పలికింది. ఆ ధర విని మా నాన్నగారు "ఇంచుమించు సిస్టమ్ మొత్తం అంతకే కదరా కొన్నాం" అన్నారు. వాడు రెండు నెలలు ఫోనులోనే క్లాసులు విన్నాడు. ఆ రెండు నెలలూ నాకింకా బాధే.

అందుకే మొదటి మాటగా, కంపెనీ పేరుకన్నా ముందు నంబరు చివర ఏముందో చూడండి. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే డిస్‌ప్లే లేనట్టే. 12400 అయితే ఉంది, 12400ఎఫ్ అయితే లేదు. సాకెట్ అంటే బోర్డు మీద ప్రొసెసర్ కూర్చునే గూడు. ఏఎండీ పాత ఏఎం4 సాకెట్‌లో మామూలు రైజెన్‌లకి డిస్‌ప్లే ఉండదు, చివర జి ఉన్నవాటికే ఉంటుంది. కొత్త ఏఎం5లో 7600లాంటి వాటికి చిన్నదైనా ఉంటుంది, 7500ఎఫ్, 8400ఎఫ్‌లకి ఉండదు. ఎఫ్ ఉన్నది కాస్త చౌకగా వస్తుంది, షాపువాళ్లు దాన్నే ముందు పెడతారు. ఇంటి సిస్టమ్‌కి ఆ మిగులు వద్దండి.

తర్వాత నేను బయటపడింది ఏఎండీ వల్లే, అదీ చెప్పాలి. 2021 ఆగస్టులో డిస్‌ప్లే ఉన్న రైజెన్ 5 5600జి మార్కెట్లోకి వచ్చింది. నా పాత బి450 బోర్డు మీదే కూర్చుంటుంది, బోర్డులోని బయాస్ అనే స్టార్టింగ్ ప్రోగ్రాం అప్‌డేట్ చేస్తే చాలు. కానీ ఆ అప్‌డేట్ పాత ప్రొసెసర్ ఉండగానే చెయ్యాలి, చెయ్యాలంటే తెర కనపడాలి. పక్క వీధి కుర్రాడి దగ్గర ఒక పూటకి కార్డు అరువు తెచ్చాను. మా వైపు సాయంత్రమైతే చెరువుల్లో ఏరేటర్లు అన్నీ ఒకేసారి తిరుగుతాయి, ఓల్టేజీ కిందికి జారుతుంది. అందుకని మధ్యాహ్నం రెండింటికి, యూపీఎస్ ఫుల్ చార్జి అయ్యాక మొదలుపెట్టాను. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు చేతికి రాదు. ఆ నాలుగు నిమిషాలు కుర్చీలో కూర్చోలేకపోయాను.

అది గట్టెక్కింది కదాని కూలర్ విప్పాను. ప్రొసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి లాగడానికి పూసే పేస్ట్ ఎండి అట్టకట్టింది. సాకెట్ లాక్ వేసే ఉంది, అయినా కూలర్‌తో పాటు ప్రొసెసర్ కూడా ఊడి పైకొచ్చేసింది. ఏఎం4 ప్రొసెసర్ అడుగున 1331 కాళ్లుంటాయి, మూల దగ్గర రెండు వంగాయి. షేవింగ్ బ్లేడు అంచు వరసల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. మీరు ఎప్పుడైనా ఏఎం4 కూలర్ విప్పాల్సొస్తే పది నిమిషాలు సిస్టమ్ నడిపి, ఆపి, పేస్ట్ మెత్తబడ్డాక ముందు అటూ ఇటూ తిప్పి అప్పుడు లేపండి. ఇంటెల్‌కీ, ఏఎం5కీ ఈ బాధ లేదు, కాళ్లు బోర్డు మీదే ఉంటాయి. వాటి సాకెట్‌లో మాత్రం వేలు పెట్టకూడదు.

అదే ఇంటెల్ అయితే నాకు బోర్డు కూడా మారేది. 2020లో ఒక సాకెట్, 2021 చివర ఇంకోటి, 2024లో మళ్లీ ఇంకోటి. ఏఎం5 బోర్డు 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ల తర్వాత ఒక్క ప్రొసెసర్ మార్చుకుని సరిపెట్టుకోవాలనుకునే మన ఇళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మరి బావగారికి ఇంటెల్ ఎందుకు పెట్టానంటే, పెళ్లి వీడియోలు. ఇప్పటి కెమెరాలు హెచ్.265 అనే వీడియో ఫార్మాట్‌లో, రంగుల వివరం ఎక్కువుండే 4:2:2 10 బిట్ అనే రకంలో తీస్తున్నాయి. దాన్ని ఇంటెల్ 11వ తరం నుంచి ప్రొసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగమే విప్పుతుంది, క్విక్ సింక్ అంటారు. ఐ5 12400 మీద టైమ్‌లైన్ జరుపుతుంటే తలంబ్రాల దగ్గర కూడా ఆగకుండా పోతుంది. అదే ఫైలు మా ఇంట్లో 5600జి మీద వేస్తే ముక్కలు ముక్కలుగా కదిలింది. మీ ఎడిటింగ్ అలాంటి కెమెరా ఫైళ్లతో అయితే ఇంటెలే తీసుకోండి, ఎఫ్ లేనిది. ఫోనులో తీసిన వీడియోలే అయితే ఏదైనా ఒకటే.

ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద ప్రొసెసర్లకి ఎక్కువ ఓల్టేజీ వెళ్లి పాడవుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది, బయాస్ ద్వారా సవరణ ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. 12400 లాంటి 12వ తరం వాటికి ఆ గొడవ లేదు. సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఐ7, ఐ9 చవగ్గా వస్తున్నాయంటే నేనైతే ముట్టుకోను.

చెల్లికి ఆండ్రాయిడ్ స్టూడియో, లైనక్స్, పైథాన్ రెండింటిలోనూ నడుస్తాయి. కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌నో ఫోన్‌నో నడిపించే ఎస్‌వీఎం అనే సెట్టింగ్ ఏఎండీ బోర్డుల్లో చాలాసార్లు ఆఫ్‌లో వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోను) తెరుచుకోకపోతే బయాస్‌లో అది ఆన్ చెయ్యమనండి, మా తమ్ముడు దానికే ఒక రాత్రంతా పోగొట్టుకున్నాడు. ర్యామ్ 16 జీబీ వేస్తే ఒకే స్టిక్ కాకుండా ఎనిమిదివి రెండు వేయించండి. ప్రొసెసర్‌లోని డిస్‌ప్లే భాగం మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండుంటే వేగం కళ్లకి కనిపిస్తుంది.

కరెంటు సంగతి రెండు బ్రాండ్లకీ ఒకటే. 65 వాట్ల ప్రొసెసర్, కార్డు లేకుండా అయితే 600 వీఏ యూపీఎస్ నాకు పావుగంట ఇస్తోంది, సేవ్ చేసుకుని ఆపడానికి చాలు. ఎర్తింగ్ మాత్రం ముందే చూపించండి, కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాకే సిస్టమ్ పెట్టండి. మాకు ఉప్పుగాలికి ఏడాదికోసారి ర్యామ్ కాళ్లు నల్లబడి డిస్‌ప్లే రాదు, పెన్సిల్ రబ్బరుతో తుడిస్తే వస్తుంది. మీ ఇంటి దగ్గర రైసుమిల్లు ఉంటే ఊక బూడిద కూలర్‌లో చేరుతుంది, కోతల తర్వాత ఒకసారి బ్లోయర్ కొట్టించండి.

మీ స్థితిలో నేనైతే డబ్బు కాస్త చాలితే ఏఎం5 బోర్డు మీద 7600 తీసుకుంటాను, చెల్లి చదువయ్యాక కూడా ఆ బోర్డు పనికొస్తుంది. దానికి కావాల్సిన డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ దగ్గర లెక్క దాటిపోతే పాత రకం డీడీఆర్4 బోర్డు మీద ఇంటెల్ 12400. షాపాయన చేత కొటేషన్ కాగితం మీద రాయించుకోండి, ప్రొసెసర్ నంబరు చివరి అక్షరంతో సహా, కంపెనీ బాక్సుతో వచ్చిందో విడిగా వచ్చిందో కూడా. బాక్సుదైతే రెండు కంపెనీలూ మూడేళ్ల వారంటీ ఇస్తాయి. డబ్బు కట్టేముందు ఆ కాగితం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.