తుంటి ఆపరేషన్ తర్వాత అమ్మ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. రెండో రోజు రాత్రి నుంచి ఏదేదో మాట్లాడుతోంది, సెలైన్ పీకేస్తోంది. పొద్దున కాస్త మామూలుగా ఉంటోంది. మతిమరుపు జబ్బు మొదలైనట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కంగారు పడకండి. ఇలా హఠాత్తుగా వచ్చి, పూటపూటకీ మారుతూ, రాత్రికి ఎక్కువయ్యేదాన్ని డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. అయితే డెలీరియం వెనక కారణం ఉంటుంది, దాన్ని వెంటనే వెతకాలి. మూత్రం బిగబట్టిందా, విరేచనం అయి ఎన్నాళ్లయింది, జ్వరం, ఆయాసం ఉన్నాయా చూడమని డాక్టరును అడగండి. రక్తంలో సోడియం, ఆక్సిజన్, హిమోగ్లోబిన్ కూడా చూడాలి. బీపీకి నీటిమాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వాడేవాళ్లలో సోడియం తరచూ పడిపోతుంది.

మందుల జాబితా తప్పక చూపించండి. నిద్రమాత్రలు, మత్తునిచ్చే జలుబు, దురద మాత్రలు గందరగోళాన్ని పెంచుతాయి. ఇంట్లో రోజూ ఆల్ప్రాజోలం (ఆందోళన తగ్గించి నిద్రపట్టించే మాత్ర) వేసుకునే అలవాటుంటే, ఆస్పత్రిలో దాన్ని ఒక్కసారిగా ఆపినా ఇలాగే అవుతుంది. నొప్పి మందు మాత్రం మాన్పించకండి, తీరని నొప్పే పెద్ద కారణం.

కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టండి. పగలు కిటికీ తెరిచి, డాక్టరు ఒప్పుకుంటే లేపి కూర్చోబెట్టండి. రాత్రి తెలిసిన మనిషి పక్కనుండాలి. చేతులు కట్టేయనివ్వకండి, భయం ఇంకా పెరుగుతుంది.

గొడవ చేయకుండా మగతగా పడుకుని, తిండి మానేసేవాళ్లదీ డెలీరియమే కావచ్చు. దాన్ని చాలామంది నీరసం అనుకుని వదిలేస్తారు, అదే నా బాధ.

ఎక్కువమంది రోజుల్లో, వారాల్లో తేరుకుంటారు. 3 నెలల తర్వాత కూడా తడబాటు ఉంటే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి.