పాత టేబుల్ తీసేసే ముందు

ప్రశ్న: మా మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌లో పాత బిల్లుల టేబుల్‌ను ఎవరూ వాడటం లేదనుకుంటున్నాం. డ్రాప్ చేసేయొచ్చా, అంటే పూర్తిగా తీసేయొచ్చా? పొరపాటైతే మార్పును వెనక్కి తిప్పే రోల్‌బ్యాక్ ఉందిగా?

జవాబు: ఆ రోల్‌బ్యాక్‌ను నమ్ముకోకండి. మైఎస్‌క్యూఎల్‌లో డ్రాప్ టేబుల్ కొట్టగానే కమిట్ (మార్పును ఖాయం చేయడం) దానంతటదే అయిపోతుంది, అదే ట్రాన్సాక్షన్‌లో (ఒకే విడతగా చేసే పనుల్లో) అంతకుముందు చేసిన మార్పులతో సహా. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో అయితే బిగిన్‌తో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టాక చేసిన డ్రాప్‌ను కమిట్ కాకముందు వెనక్కి తీసుకోవచ్చు. ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది.

ముందు టేబుల్ పేరు మార్చి, కనీసం ఒక నెలాఖరు గడవనివ్వండి. ఎక్కడో మూలనున్న రిపోర్టు దాన్ని వాడుతుంటే 1146 ఎర్రర్‌తో (ఆ టేబుల్ లేదని) బయటపడుతుంది. పాత పేరు మళ్లీ పెట్టేస్తే సరి.

అయితే పేరు మార్చడానికీ మెటాడేటా లాక్ (టేబుల్ నిర్మాణంపై వేసే తాళం) కావాలి. ఎవరైనా ఆ టేబుల్ చదివి ట్రాన్సాక్షన్ మూయకుండా వదిలేస్తే మీ కమాండ్ ఆగిపోతుంది, దాని వెనక వచ్చే క్వెరీలూ బారులు తీరతాయి. ఇలా ఆగి చూసే డిఫాల్ట్ గడువు 3,15,36,000 సెకన్లు, అంటే అక్షరాలా ఏడాది! అందుకే మీ సెషన్‌లో లాక్ వెయిట్ టైమవుట్ అనే ఈ గడువును ముందే 5 సెకన్లకు తగ్గించుకోండి.

డ్రాప్‌కు ముందు మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే టూల్‌తో బ్యాకప్ తీసి, వేరే సర్వర్‌లో ఎక్కించి వరుసల లెక్క సరిచూడండి. 3730 ఎర్రర్ వస్తే వేరే టేబుల్‌లోని ఫారిన్ కీ (ఒక టేబుల్‌ను మరోదానికి ముడిపెట్టే నియమం) దీన్ని పట్టుకుని ఉన్నట్టు. ఫారిన్ కీ చెక్‌లు ఆపేసి దాటేయకుండా ఆ కీనే ముందు తీసేయండి. డ్రాప్ కమాండ్‌లో క్యాస్కేడ్ (ముడిపడినవీ తీసేయి) అని రాసినా మైఎస్‌క్యూఎల్ పట్టించుకోదు.