ఆ కూనిరాగం ఏదీ, నాయనా?

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లిష్ సంగీత నాటకాల రచయిత లయొనెల్ బార్ట్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ ఎనిమిది పేజీల్లో ఆరు పేజీలు తాగుడు, అప్పులు, 1972 నాటి దివాలాయే! ఆయనకు స్వరలిపి రాదన్న సంగతి మాత్రం ఒక్క ముక్కలో చెప్పి దాటిపోయావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

స్వరాలు రాయడం రాని మనిషి 1960లో 'ఆలివర్!' అనే సంగీత నాటకానికి కథనం, పాటలు, బాణీలు అన్నీ తానే ఎలా కట్టాడు? ఆయన నోటితో రాగం తీస్తే, ఎరిక్ రోజర్స్ అనే సంగీతకారుడు విని కాగితం మీద పెట్టి వాద్యాలకు అమర్చాడు. ఆ పని దగ్గరికి పాఠకుణ్ణి తీసుకెళ్లవద్దా? బార్ట్ తూర్పు లండన్‌లోని స్టెప్నీలో, యూదు దర్జీ ఇంట కడగొట్టు బిడ్డ. ఆ నాటకంలో దొంగపిల్లలను సాకే ఫాగిన్ తన బతుకును లెక్కవేసుకునే పాట విను. నింపాదిగా మొదలవుతుంది, భయం ముదిరేకొద్దీ పరుగందుకుంటుంది, మళ్లీ తటపటాయిస్తుంది. ఆ ఫిడేలు వంపుల్లో బార్ట్ పుట్టిపెరిగిన పేట మొత్తం పలుకుతుంది. తొలి విడతలోనే లండన్‌లో 2,618 ప్రదర్శనలు ఊరికే ఆడలేదు.

ముప్పై ఏళ్ల కిందట హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయన గురించి రాశాను. గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి రేకును, అంటే రీడును, కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. ఆ ఒక్క పేరా కోసం తొమ్మిది రోజులు ఆయన కొట్లో కూర్చున్నాను. సంపాదకుడు సరిగ్గా దాన్నే కొట్టేసి, ఆ పెద్దాయన భార్య పోయిన దుఃఖాన్ని శీర్షికకు ఎక్కించాడు. సంచిక చూసి ఆ పెద్దాయన "నా పని గురించి ఏమీ లేదేం బాబూ?" అన్నారు. తల ఎత్తలేకపోయాను. ఈనాటికీ పత్రికలకు కన్నీళ్లు కావాలి, పనితనం అక్కర్లేదు. నువ్వు వాళ్ల కోసం ముందే కోసి పంపుతున్నావు.

దివాలా రాయవద్దని కాదు. 1965లో బార్ట్ మరో సంగీత నాటకం 'ట్వాంగ్!!' మునిగిపోతుంటే దాన్ని నిలబెట్టడానికి 'ఆలివర్!' హక్కులనే తెగనమ్ముకున్నాడు. తన నాటకం ఆగిపోకూడదని ఉన్నదంతా ఒడ్డిన మనిషిని "అహంకారి" అని ఎలా తేల్చేశావు? ఆ చివరి పేరా తీసెయ్యి.

ఈ రాత్రికి ఫాగిన్ పాట పదిసార్లు విను. ఫిడేలు ఎక్కడ ఆగుతుందో, గొంతు ఎక్కడ అందుకుంటుందో రాసుకో. ముందు ఆ కాగితం నాకు పంపు.