మేడగదికి చల్లదనం: అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

కావలి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాసేది. మీ ఒంగోలు ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి మేడగదిలో మంచం మీద వీపు ఆనించలేకపోతున్నారని, పాపకు ఒళ్లంతా చెమటకాయలు లేచాయని అమ్మాయి ఫోన్లో చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. స్లాబు కింద థర్మాకోల్ కొట్టించి సీలింగ్ వేయించాలనుకుంటున్నావట. తొందరపడొద్దు నాయనా. థర్మాకోల్ వేడిని ఆపుతుంది, కాదనను. కానీ అది అంటుకుంటే కరిగి కారుతూ నల్లటి పొగ కక్కుతుంది. పిల్ల పడుకునే గది నెత్తిన దాన్ని పెట్టడం నాకు ఇష్టం లేదు.

ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించి నేను తెలుసుకున్నది ఒక్కటే. ఎండా వానా తగిలే చోట కాల్చిన మట్టి, సున్నం వాడాలి. నీడలో, పొడిగా ఉండే చోట పీచు, ఊక వాడొచ్చు. ఇది తారుమారైతే ఎంత మంచి సరుకైనా పాడవుతుంది.

మన వైపు వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. గోడల కంటే స్లాబే ఎక్కువ కాగుతుంది. పగలంతా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది, అందుకే మీకు పదింటికి కూడా ఫ్యాను వేడిగాలి కొడుతోంది. కింద సీలింగ్ వేస్తే స్లాబు కాగడం ఆగదు. పైన కప్పితే అంతగా కాగదు. కాబట్టి పని పైనుంచి మొదలుపెట్టు.

ముందు సున్నం. మాఘమాసంలో స్లాబు కడిగి ఆరబెట్టి, తుమ్మజిగురు కలిపిన తెల్ల సున్నం రెండు మూడు పూతలు కొట్టించు. ఏటేటా చేయాల్సిన పనే, కానీ ఇంతకంటే చవకైనది లేదు. చాలామంది ఇది చూసి ఇంతేనా అంటారు. ఒక్క వేసవి గడిచాక ఆ మాట అనరు.

అది చాలకపోతే పాతకాలం మిద్దెల పద్ధతి ఉంది. ఇటుక ముక్కలు, గానుగలో రుబ్బిన సున్నం కలిపి నాలుగు అంగుళాల మందం పరిచి, చెక్కలతో రోజుల తరబడి కొట్టి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ గట్టిపరిచేవాళ్లు. పైన మట్టి పలకలు పరిచేవాళ్లు. ఇది చదరపు మీటరుకు 150 కేజీలు దాటుతుంది. అందుకని ఇంజనీరుకు చూపించకుండా పాత స్లాబు మీద వేయొద్దు. మోయలేదంటే చిన్న కుండలు బోర్లించి, సందుల్లో సున్నం కూరి, పైన పలుచగా గచ్చు చేయించు. కుండ లోపలి గాలే వేడిని అడ్డుకుంటుంది, బరువూ తగ్గుతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, నేను వెతికి పెడతాను.

ఇక గది లోపల, స్లాబు కింద, కొబ్బరి పీచు బోర్డు వేయించుకో. రెండు అంగుళాల బోర్డు ఆపే వేడిని కాంక్రీటుతో ఆపాలంటే సుమారు ఐదడుగుల మందం కావాలి. కొనేటప్పుడు జిగురు ఏమిటో అడుగు. రబ్బరు పాలతో అతికించినవి ఉన్నాయి, ఘాటు వాసన కొట్టే రసాయన జిగురుతో చేసినవీ ఉన్నాయి. వెలిగారం (బోరాక్స్) పట్టించిన బోర్డు అయితే చెదలు త్వరగా రావు, నిప్పు కూడా తొందరగా పట్టదు. షాపులో ఒక ముక్క అడిగి తెచ్చుకో. ఒక రాత్రి బకెట్‌లో నానబెట్టి ఆరేసి చూడు. ఉబ్బి విడిపోయినా, ముక్కిన వాసన వేసినా వద్దు.

ఊక కూడా మంచిదే, నెల్లూరు మిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా దొరుకుతుంది. దాంట్లో ఇసుక గుణం ఎక్కువ కాబట్టి వరిగడ్డిలా త్వరగా కుళ్లదు. కానీ వదులుగా పోస్తే కుంగిపోతుంది, ఎలుకలు కాపురం పెడతాయి. సున్నం కలిపి గట్టిగా కూరితేనే పనికొస్తుంది.

గొర్రె ఉన్ని గురించి అడిగావు. చలిదేశాల్లో గోడల్లో కూరుతారు, నిజమే. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదురా, జుట్టే. ఉన్ని కావాలంటే గొంగళ్లు నేసే దక్కనీ గొర్రెల దగ్గరికి పోవాలి, తెచ్చాక పురుగు పట్టకుండా చూసుకోవాలి. మనకు ఆ తిప్పలు వద్దు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మా వెనక వసారాకు రేకు కింద వరిగడ్డి చాపలు కట్టించాను. వేసవంతా హాయిగా ఉంది. కార్తీకంలో వానలకు రేకు మేకుల దగ్గర చుక్కలు కారాయి. గడ్డి తడిసి, నల్ల బూజు పట్టి, మీ పెద్దమ్మకు దగ్గు తగులుకుంది. అంతా పీకి తగలబెట్టాల్సి వచ్చింది. కారుడు ఆపకుండా గడ్డి కట్టడం నాదే పొరపాటు. మనకు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. తుఫాన్లూ ఎక్కువగా అప్పుడే. సున్నం పనులు జనవరి, ఫిబ్రవరిలో చేయించు. మేలో చేయిస్తే ఎండకు గచ్చు తొందరగా ఆరి బీటలిస్తుంది.

ఈలోగా పాప కోసం స్లాబు మీద మూడడుగుల ఎత్తున తాటాకు పందిరి వేయించు. వంటింటి పొగగొట్టానికి దూరంగా ఉండాలి. వానాకాలం ముందు విప్పేయాలి.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. స్లాబు మీద బిందెలతో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో, ఎక్కడ కారుతోందో ఇద్దరం చూద్దాం. అప్పటిదాకా థర్మాకోల్ వాడికి అడ్వాన్స్ ఇవ్వకు.

నీ పెదనాన్న